అరవై డిగ్రీలు, అర గంట

మా ముత్తాత మేడ్చల్ చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం దిగి కూర్చునేవరకు పటేలూ పట్వారీ నిలబడే ఉండేవారు. మా తాత కాలానికి ఊళ్లు తొమ్మిదయ్యాయి. అయినా ఆయన మేనాలో తప్ప ఊరి పొలిమేర దాటలేదు. ఎనిమిది మంది బోయీలు రెండు జట్లుగా మోసేవారు. మా నాయిన కాలానికి ఊళ్లు లేవు. సర్కారు కచ్చేరీలో ఆయనకు వేసే కుర్చీ మాత్రం మిగిలింది. నేను చదువు ముగించి వచ్చేసరికి నాయిన లేడు, కుర్చీ లేదు, మేడ్చల్ గడీ పైకప్పు కూలి అందులో తుమ్మచెట్లు మొలిచాయి. షామీర్‌పేట చెరువు దగ్గర తాత ఎండాకాలానికని కట్టించుకున్న బంగళా ఒక్కటి నిలిచింది. ఇది ఆ బంగళాలో జరిగిన సంగతి. ఇందులో తప్పు నాది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఒక డాక్టరు బంగళా ముందు హాలును అద్దెకు అడిగారు. కంటోన్మెంటులోని దవాఖానలో క్రిముల పరీక్షలు చేసి పదవీ విరమణ పొందిన మనిషి. నగరపు పాత ముస్లిం కుటుంబం, నెమ్మదైన మాట, తెల్ల షేర్వానీ. నేను ఉర్దూ మాధ్యమంలో సైన్సు డిగ్రీ చదివానని తెలుసుకుని సహాయకుడిగా ఉండమన్నారు. అలా నా ఇంట్లోనే నేను కొలువుకు చేరాను. వెనక రెండు గదుల్లో నేనూ మా అవ్వా ఉండేవాళ్లం.

"అద్దెకిచ్చిన ఇంట్ల నౌకరీ చేస్తవా బిడ్డా? మీ తాత ఉంటే తలకాయ ఏడ వెట్టుకునేటోడు?" అంది అవ్వ.

"నౌకరీ కాదవ్వా, పరిశోధన."

"గదేదో గాని, నెల కాంగనే చెయ్యి జాపుతవా లేదా?"

మాట మార్చి హాల్లోకి నడిచాను. జాపుతాను గనుక.

డాక్టరు గారి పరిశోధన ఏమిటో ఇప్పుడు చెప్పాలి. నిమోనియా తెచ్చే క్రిమి రెండు రకాలు. ఒకదాని ఒంటి చుట్టూ నున్నటి జిగురు పొర ఉంటుంది. అది చంపుతుంది. రెండోదానికి ఆ పొర లేదు. అది ఏమీ చేయలేదు, ఎలుకపిల్ల కూడా దాన్ని తట్టుకుంటుంది. పొర ఉన్న క్రిములను పూర్తిగా చంపి, వాటి ఒంట్లోని సారం తీసి, పొర లేని బతికిన క్రిములకు కలిపితే, వాటిలో కొన్నింటికి పొర వస్తుంది. వాటి పిల్లలకూ వస్తుంది, ఆ పిల్లల పిల్లలకూ వస్తుంది. చచ్చినవాటి గుణం బతికినవాటికి సంక్రమిస్తుంది. సముద్రం అవతల ఈ పని చేసినవారు ఆ గుణాన్ని మోసే పదార్థం మాంసకృత్తు కాదనీ, దారాల్లా సాగే ఒక ఆమ్లమనీ రాశారు. డాక్టరు గారు ఆ పత్రికను కంటోన్మెంటులో ఎవరి దగ్గరో తెచ్చుకుని, కాగితం నలిగిపోయేవరకు చదివారు. ఈ దేశంలో, ఈ నీళ్లతో, ఈ చేతులతో అది చేసి చూపాలన్నది ఆయన పట్టు.

"చచ్చినోడు తన అంగీ ఇస్తున్నాడా, డాక్టర్ సాబ్?" అని మొదటి రోజుల్లో అడిగాను.

ఆయన నవ్వారు. "అంగీ కాదు దేశ్‌ముఖ్ సాబ్. అంగీ ఇస్తే ఒక్క మనిషికే అయిపోతది. కుట్టే హునర్ ఇస్తున్నడు. దర్జీతనం. ఇగ వాని ఔలాద్, పిల్లజెల్లా మొత్తం కుట్టుకుంటది."

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మా తాత మాకు అంగీలే ఇచ్చి పోయాడు. జరీవి, మల్లెపువ్వు కుట్టువి, పెట్టె నిండా. కుట్టడం ఆయనకూ రాదు.

మూడో మనిషి ఒకాయన ఉండేవాడు. మేడ్చల్ చర్చి పక్క గుడిసెల్లో ఉండే కిరస్తానీ ముసలాయన. మిషన్ దవాఖానలో ముప్పై ఏళ్లు కాంపౌండరు. రోజూ సైకిలు మీద వచ్చేవాడు. మా నాయిన ఈడువాడు, అయినా నేను అతన్ని నువ్వనే అనేవాణ్ణి, అతను నన్ను దొరా అనేవాడు. కుందేళ్ల చెవి నరం నుంచి రక్తం తీయడం, గాజు సామాను ఉడికించడం, మేకగుండె ఉడికించి క్రిములకు రసం కాచడం, అన్నీ అతని చేతి మీదే నడిచేవి. నేను కొలిచేవాణ్ణి, రాసేవాణ్ణి, సూక్ష్మదర్శినిలో చూసేవాణ్ణి. అంటే, వంగకుండా చేయగలిగిన పనులు నావి.

ఎనిమిది నెలలు క్రిములను పెంచి, చంపి, కడిగి, చివరకు ఒక సీసాడు సారం తీశాం. దానిలో సారాయి చుక్కచుక్కగా పోస్తూ గాజుపుల్లతో కలుపుతుంటే తెల్లటి దారాలు పుల్లకు చుట్టుకున్నాయి. ముసలాయన ఊపిరి బిగబట్టి చూసి, "జిల్లేడు దూది లెక్క ఉన్నది దొరా. గిండ్ల ఉన్నదా మొత్తం వంశం?" అన్నాడు.

"ఉందంటున్నారు."

"గీ పురుగులే నయ్యం. సచ్చినోని ఆస్తికి కచ్చేరి సుట్టు తిరుగయి. సప్పుడు జెయ్యక కల్పుకుంటయి."

డాక్టరు గారు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. మేడ్చల్ భూముల కోసం మా నాయిన కచ్చేరీ చుట్టూ తిరిగిన సంగతి ఆ ముసలాయనకు తెలుసు.

ఆ సారాన్ని పరీక్షించడంలోనే ఎంజైముల పని ఉంది. ఉర్దూలో మేము ఖామ్రా అని చదువుకున్నాం. ఒక్కో ఎంజైము ఒక్కో రకం పదార్థాన్నే కోస్తుంది, మరోదాన్ని ముట్టదు. డాక్టరు గారి ఏర్పాటు ఇది: మూడు గాజు గొట్టాలు. మొదటిదానిలో ఉత్త సారం. రెండోదానిలో మాంసకృత్తులను కోసే ఎంజైము కలిపిన సారం. మూడోదానిలో ఆ దారాల ఆమ్లాన్ని కోసే ఎంజైము కలిపిన సారం. దీన్ని మేడ్చల్ కటికవాళ్ల దగ్గర తెచ్చిన పశువుల క్లోమం నుంచి మేమే తీశాం. మూడింటిలోనూ పొర లేని బతికిన క్రిములు, వాటికి కావలసిన కుందేలు సీరం. ఒక రాత్రి వెచ్చటి పెట్టెలో ఉంచాలి. పొర లేని క్రిములు ముద్దలై అడుగున పేరుకుంటాయి, పైనంతా తేటగా ఉంటుంది. పొర వచ్చినవి గొట్టం నిండా పరుచుకుంటాయి, నీరు మసకబారుతుంది. మొదటి రెండు గొట్టాలు మసకబారి, మూడోది తేటగా ఉంటే, గుణాన్ని మోసేది ఆ ఆమ్లమే అని రుజువు.

దీనిలో ఒక చిక్కుంది. సీరం కూడా రక్తమే. రక్తంలోనే ఆ ఆమ్లాన్ని కోసే ఎంజైము పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని ముందుగా చంపకపోతే మనం ఏ గొట్టంలో ఏం కలిపినా ఒకటే. సారం ఎవరికీ చేరకముందే తెగిపోతుంది. అందుకని సీరాన్ని అరవై డిగ్రీల వేడి నీళ్లలో అర గంట ఉంచాలి. వేడి ఎక్కువైతే కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకడుతుంది, తక్కువైతే ఎంజైము చావదు. కుంపటి ముందు కూర్చుని, ఉష్ణమాపకం మీద కన్నుంచి, విసరాలి, నిప్పు తీయాలి, చెంబుతో చన్నీళ్లు పోయాలి. బొగ్గు మసి హాల్లోకి రాకూడదని డాక్టరు గారు ఆ పనికి వెనక అరుగును కేటాయించారు. అరుగు ముందునుంచే చెరువుకు పోయే బాట.

ముసలాయన ఒకసారి అలా వేడిచేసి ఇస్తే, మొదటి గొట్టం ఒక్కటి పెట్టి చూశాం. తెల్లవారి నీరు మసకబారింది. డాక్టరు గారు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నారు. నా చేతులు పట్టుకోలేదు. నేను పట్టించుకోలేదని అప్పట్లో అనుకున్నాను.

ఆ సంగతి సర్కారు వైద్యశాఖకు రాశారు. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి మూడు గొట్టాల ప్రయోగం కళ్లతో చూస్తామన్నారు. నచ్చితే బంగళాను శాశ్వతంగా ప్రయోగశాలకు తీసుకుంటారు. ఇల్లు మా పేరనే ఉంటుంది. నాకూ ముసలాయనకూ సర్కారు కొలువు. నచ్చకపోతే డాక్టరు గారు ఖాళీ చేస్తారు. ఆయన చేతిలో మిగిలిన సారం ఆ ఒక్క ప్రయోగానికే సరిపోతుంది. మళ్లీ మొదలుపెట్టే వయసూ స్తోమతూ ఆయనకు లేవు. అప్పటికే మేడ్చల్ బియ్యపు మిల్లు యజమాని రెండుసార్లు వచ్చి మా బంగళా టేకు దూలాలను వేళ్లతో తట్టి చూసిపోయాడు.

పెద్దమనుషులు శనివారం ఉదయం వస్తామన్నారు. గొట్టాలు శుక్రవారమే సిద్ధం కావాలి. అది గుడ్ ఫ్రైడే. ముసలాయన గురువారం సాయంత్రమే వచ్చి చెప్పాడు.

"రేపు దినమంత గుళ్లనే ఉంటం దొరా. ఉపాసం. పండుగ జేస్కొని సోమారం వస్త. సీరం నువ్వే ఎచ్చవెట్టాలె."

"తెలుసు."

"కుంపటి కాడికెల్లి లేవొద్దు. నీల్లు ఒక్కపారి సల్లవడ్డయంటె మల్ల మొదటికెల్లే."

"చదువుకున్నవాణ్ణి. నాకు చెప్తావా?"

"చదువు జెప్పలే దొరా, పొయ్యి సంగతి జెప్పిన," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మా ఇంట్లో మగవాళ్లు హోమం ముందు తప్ప నిప్పు ముందు కూర్చోరు. ఎవరూ పెట్టిన నియమం కాదు. కానీ చలికాలం సైతం మా నాయిన నెగడికి దూరంగా నిలబడే చలి కాచుకునేవాడు. కింద కూర్చుని చేతులు చాపేవాళ్లు వేరే ఉండేవారు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు గారు జుమ్మా నమాజుకు టాంగాలో వెళ్లారు. అవ్వ పడుకుంది. నేను అరుగు మీద కుంపటి రాజేసి, ధోవతి ఎగగట్టి, గొంతుక్కూర్చున్నాను. నీళ్లు అరవైకి వచ్చాయి. సీరం గొట్టం అందులో దించి, డాక్టరు గారి జేబు గడియారం పక్కన పెట్టుకున్నాను. పొగకు కళ్లు మండుతున్నాయి. ఏడెనిమిది నిమిషాలు గడిచాయేమో, బాట మీద మాటలు వినిపించాయి.

మా తాత మేనా మోసిన బోయీల్లో ఒకడు, అప్పటికి ముసలివాడు, చెరువులో చేపలు పట్టి బతుకుతున్నాడు. వెదురుబుట్టతో వస్తున్నాడు. వెనక చేపలు కొనే ఆడవాళ్లు ఇద్దరు.

"ఎవలది? చిన్నదొరనా?" అని ఆగిపోయాడు. "నీ కాల్మొక్త. పొయ్యికాడ కూసున్నవేంది దొరా? ఇంట్ల ఆడోల్లు లేరా?"

వెనక ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో ఆమె అదీ పెట్టుకోలేదు. "డాక్టర్ సాబుకు సాయ కాస్తుండు గావచ్చు," అంది.

నేను లేచాను. ధోవతి దించుకున్నాను. ముఖానికి మసి అంటిందేమోనని చేత్తో తుడుచుకున్నాను. తుడవడం వాళ్లు చూశారు.

"ముందుకు రా," అన్నాను బోయీతో, చాలా గట్టిగా. అతన్ని ఇల్లు చుట్టి ముందు వరండాకు తీసుకుపోయి, అక్కడే వేసి ఉండే తాత కుర్చీలో కూర్చున్నాను. అతను మెట్ల మీద కూర్చుని బుట్ట దించి, అడగకుండానే మాట మొదలుపెట్టాడు. తాత బరువు ఏ భుజానికి ఎంత పడేదో, ఏ వాగు దగ్గర భుజం మార్చేవాళ్లో, బౌరంపేట దాకా ఒక్క దమ్ములో ఎలా పోయేవాళ్లో. భుజం మీది కాయ చూపించాడు. "గిది మీ తాత ఇచ్చిన ముద్ర దొరా," అన్నాడు. నేను వింటూ కూర్చున్నాను. వెనక అరుగు మీద గడియారం నడుస్తున్నదని నాకు తెలుసు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. లేచి వెళితే మళ్లీ ఆ కుంపటి ముందుకే వెళ్లాలి, ఆ ఆడవాళ్లు చేపల కోసం ఇంకా బాట మీదే కాచుకుని ఉన్నారు. మేనా గురించి ఇంకో మాట చెప్పించుకున్నాను. ఇంకోటి చెప్పించుకున్నాను.

అరుగు మీదికి వచ్చేసరికి బొగ్గులు పైపైన బూడిద కప్పి లోపల నల్లబడ్డాయి. ఉష్ణమాపకం నలభైకి దిగింది. మళ్లీ రాజేయడానికి వ్యవధి ఉంది. అంతలో టాంగా గంట వినిపించింది. డాక్టరు గారు వచ్చి నన్ను ఇంకా పొయ్యి దగ్గరే చూస్తారన్న తలపే భరించలేకపోయాను. సీరం తీసుకుని లోపలికి వెళ్లాను. పుస్తకంలో రాశాను: సీరం, అరవై డిగ్రీలు, అర గంట. అక్షరాలు ఎప్పటిలాగే నిలువుగా, నీటుగా వచ్చాయి.

శనివారం ఉదయం పెద్దమనుషులు వచ్చారు. డాక్టరు గారు ఇస్త్రీ షేర్వానీ వేసుకుని, పెట్టె తలుపు తీసి, గొట్టాలను ఒక్కొక్కటిగా కిటికీ వెలుతురులో పెట్టారు. మొదటిది తేట. రెండోది తేట. మూడోది తేట. మూడింటి అడుగునా అదే తెల్లటి మడ్డి. చెరువు నీళ్లు కూడా అంత తేటగా నేను చూడలేదు.

"మరి ముందు ఒకసారి మసకబారిందని రాశారు కదా?" అన్నారు వచ్చినవారిలో పెద్దాయన, మర్యాదగానే.

డాక్టరు గారు నావైపు తిరిగారు. "మాఫ్ చేయండి దేశ్‌ముఖ్ సాబ్, అడగక తప్పదు. సీరం పూరాగ వేడి చేసిండ్రా?"

"అరవై డిగ్రీలు. అర గంట."

"బస్. మీ ఖాందాన్ జబాన్, మీ ఇంటి మాట. ఇగ నేను అడగను." ఆయన మళ్లీ గొట్టాలవైపు చూశారు. అయిదు నిమిషాలు పట్టింది ఆయనకు తన ఎనిమిది నెలలను వదులుకోవడానికి. తర్వాత పెద్దాయనతో మెల్లగా చెప్పారు. "అయితే మొదటిది నిజం కాదు సాబ్. చచ్చిన క్రిముల్లో బతికినవి ఒకటి రెండు కలిసి ఉంటయి. చేతి మైల."

"ఎవరి చేతి?"

డాక్టరు గారు పెట్టె తలుపు మూశారు. ముసలాయన కూర్చునే ముక్కాలిపీటవైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నారు. గదిలో అందరూ ఆ పీటను చూశారు. నేను నిలబడే ఉన్నాను. ఒక్క మాట చాలు. నా నోట్లోనే ఉంది.

సోమవారం ముసలాయన వచ్చాడు. హాలు గుమ్మంలోనే డాక్టరు గారు అతనితో చాలా మెత్తగా మాట్లాడారు. వయసైపోయింది, చెయ్యి వణుకుతుంది, ఎవరి తప్పూ కాదు అని. ముసలాయన తల వంచుకుని విన్నాడు. తర్వాత వెనక అరుగు మీదికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. కుంపటి శుక్రవారం వదిలినట్టే ఉంది. అందులో చెయ్యి పెట్టి, ఒక బొగ్గు తీసి, వేళ్ల మధ్య విరిచాడు. లోపలంతా నల్లగా, కాలకుండా ఉంది.

"అర గంట మండిన బొగ్గు గిట్లుండది దొరా," అన్నాడు.

నేను చెరువువైపు తిరిగాను.

"నా చెయ్యి మైలది కాదు. గది నీకెరుక."

"డాక్టరు గారితో చెప్పుకో," అన్నాను. ఎలా అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

"నేన్ జెప్తె ఎవలింటరు? రాసింది నువ్వు." బొగ్గుముక్కలు రెండూ జాగ్రత్తగా కుంపట్లో పెట్టి, చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో, గోళ్ల కింద కూడా, దవాఖానలో నేర్చుకున్నట్టు. చాలాసేపు కడుక్కున్నాడు. సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత మేడ్చల్‌లో ఒకటి రెండుసార్లు ఎదురుపడ్డాడు. దొరా అని మాత్రం పిలవలేదు. ఆ ఏడు చలికాలంలో అతన్ని చర్చి వెనక సమాధి చేశారని విన్నాను. వెళ్లలేదు.

డాక్టరు గారు నెల తిరక్కుండానే ఖాళీ చేశారు. వెళ్లేముందు నాకు యోగ్యతాపత్రం రాసిచ్చారు. అందులో నా నిజాయితీ గురించి రెండు వాక్యాలున్నాయి. ఆయన నగరంలో ఉన్నంతకాలం చెప్పేద్దామని రెండుసార్లు బయలుదేరాను. రెండోసారి ఆయన ఇంటి గేటుదాకా వెళ్లాను. లోపల ఎవరో నవ్వుతున్నారు. తిరిగి వచ్చాను. తర్వాత కాలం మారింది, ఆయన కుటుంబం ఎక్కడికో తరలిపోయింది. ఇతర దేశాల్లో ఆ ప్రయోగం మళ్లీ మళ్లీ చేసి నిజమేనని తేల్చారని ఆ తర్వాత చదివాను. ఈ గాలి, ఈ నీళ్లు, ఆ ముసలాయన చేతులు, దేనిలోనూ లోపం లేదు.

రక్తంలోనే కోసేది ఉంటుందని డాక్టరు గారు చెప్పినప్పుడు నేను దాన్ని కుందేళ్ల సంగతి అనుకుని రాసుకున్నాను.

జాగీర్లు పోయిన ఏడాది, వానలకు ముందు, షామీర్‌పేట బంగళాను మేడ్చల్ బియ్యపు మిల్లు యజమానికి అమ్మాం. టేకు దూలాలు, తాత కుర్చీ, కొట్టంలో ఉన్న మేనా, వెనక అరుగు మీది కుంపటి కూడా ఆ అమ్మకంలోనే పోయాయి.